పెన్సిలక్క నల్ల పలక

గొడుగు ముసలమ్మను పుట్టించింది పెన్సిలక్క. తెర మీద పడిన పేరు మాత్రం ఇంకొకరిది.

మా కంపెనీలో పిల్లల కార్టూన్లు తయారవుతాయి. ముసలమ్మ మొదటి భాగం పూర్తయిన రోజున కింది అంతస్తు హాల్లో కుర్చీలు వేసి, ఇంటివాళ్ళను కూడా తీసుకురమ్మని, అందరికీ వేసి చూపించారు. పెన్సిలక్క అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. ముసలమ్మకు నమూనా ఆ అత్తగారే. ఒక పక్కకు వాలిన భుజం, ఎండా వానా లేకపోయినా చేతిలో వేలాడే గొడుగు, మాట్లాడబోయే ముందు పెదాలు లోపలికి లాక్కోవడం, అన్నీ ఆవిడవే. బొమ్మ నడిచినంతసేపూ జనం ఒకసారి తెరవైపు, ఒకసారి ఆవిడవైపు చూసి నవ్వుతూనే ఉన్నారు. ఆవిడ తనకేదో సన్మానం జరుగుతున్నట్టు నిటారుగా కూర్చుంది.

చివర పేర్లు మొదలయ్యాయి. 'పాత్ర రూపకల్పన' అన్న మాట కింద కొత్తమ్మాయి పేరు వచ్చి, కాసేపు ఆగి, పైకి వెళ్ళిపోయింది. కొత్తమ్మాయి అప్పటికి మా దగ్గర చేరి ఏడాది కూడా కాలేదు.

అత్తగారు హాలంతా వినబడేలా అడిగింది. "నా కోడలి పేరేదయ్యా?"

మేనేజరు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. "కంప్యూటర్లో ఫైలు ఎవరు చేస్తే వాళ్ళ పేరు వస్తుందమ్మా. మొదట్నుంచీ మన పద్ధతి అంతే."

"మరి ఆ మొహం నాది కదా బాబూ. పోనీ నా పేరన్నా వెయ్యకపోయారా?"

అందరూ నవ్వారు. మేనేజరు కూడా నవ్వాడు. నవ్వేస్తే ఏ సంగతైనా అక్కడితో తేలిపోతుందని అలాంటివాళ్ళకు బాగా తెలుసు. పెన్సిలక్క మాత్రం అత్తగారి చెప్పు సరిచేసే వంకతో కిందికి వంగి, హాలు ఖాళీ అయ్యేదాకా తల పైకెత్తలేదు.

ఆమె జడముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చి ఉండేది. అందుకే ఆ పేరు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమె కూడా ఒక్క క్షణం ఆలోచించి పలికేది. ఆమె కాగితం మీద గీసేది. ఆ కాగితాలు నా గదికి వస్తే నేను స్కాన్ చేసి పైకి పంపేవాణ్ణి. పైన కొత్తమ్మాయి లాంటివాళ్ళు వాటిని కంప్యూటర్లో బొమ్మలు గీసే టాబ్లెట్ మీద పెట్టుకుని, ఆ గీతల మీదే మళ్ళీ గీత గీసి ఫైలు చేసేవాళ్ళు. ఆ ఫైలే అసలు బొమ్మ. కాగితం మీద 'ఆధారం' అని ముద్ర వేసి బీరువాలో పడేసేవాళ్ళు. అంటే తల్లి పాత సామాను కిందికి, ఎత్తుకున్న దాది తల్లి కిందికి లెక్క. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. కొత్తమ్మాయికి కూడా.

పెన్సిలక్క గీస్తుంటే చూడటం నాకిష్టం. ఆమె మణికట్టు తిప్పేది కాదు, కాగితం తిప్పేది. ఎడమ చెయ్యి కాగితాన్ని బస్సు స్టీరింగులా ఇటూ అటూ తిప్పుతుంటే, కుడి చెయ్యి మాత్రం ఎప్పుడూ ఒకే దిక్కున, బయటినుంచి తనవైపు, గీత లాగేది. ఏ వంపైనా ఆ ఒక్క దిక్కునే. రబ్బరు ముట్టుకునేది కాదు. గీత తప్పితే ఆ తప్పుని కూడా బొమ్మలో కలిపేసుకునేది. ముసలమ్మ ముక్కు మీద గాటు అలా వచ్చిందే.

హాలు నుంచి తిరిగి వెళ్తూ అత్తగారు బస్సులో తీర్పు చెప్పేసింది.

"అది నేను కాదే. నా చెప్పు జారుతుంది. దాని చెప్పు బంక పెట్టి అతికించినట్టుంది."

పెన్సిలక్క మర్నాడు నాకు ఆ మాట చెప్పి నవ్వింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "కనిపెట్టేసిందిరా. చెప్పు జారడం నేను చార్టులో ఎప్పుడూ వెయ్యలేదు. ఒక్కో అడుక్కీ ఒక్కోలా జారుతుంది. గీసేటప్పుడు అది దానంతటదే రావాలి. వీళ్ళకి ఎలా వస్తుంది?"

చార్టు అంటే ఒక పాత్ర ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి ఎలా ఉంటుందో, కోపమొస్తే ఎలా ఉంటుందో, నవ్వితే ఎలా ఉంటుందో వరసగా గీసి పెట్టే కాగితం. దాన్ని చూసే మిగతావాళ్ళు గీస్తారు. పెన్సిలక్క చార్టుల్లో ఏదో ఒకటి ఎప్పుడూ తక్కువగానే ఉండేది. అది బద్ధకమనుకునేవాళ్ళు. నేను కూడా అలాగే అనుకున్నాను.

వారం తిరక్కుండా మేనేజరు ఆమెను పిలిచాడు. హాల్లో ముసలావిడ అన్న మాట కంపెనీ మొత్తం జోకైపోయింది, బహుశా అది పైవాళ్ళ చెవిన కూడా పడి ఉంటుంది. ఆయన మాటలు ఆమె నాకు అప్పజెప్పింది. "నాకు మాత్రం బాధగా ఉండదా? నువ్వే టాబ్లెట్ మీద గియ్యి. రెండో భాగం మొదలయ్యే ముందు పరీక్ష పెడతాం. నీ గీతే నేరుగా ఫైల్లోకి వస్తే ముసలమ్మ నీది, పేరు నీది. ఇందులో నాకేం అభ్యంతరం?"

కంపెనీ టాబ్లెట్లు ఫైళ్ళు చేసేవాళ్ళకే ఇస్తారు. ఫైలు చెయ్యాలంటే టాబ్లెట్ కావాలి. మెట్ల పైన గది, గది లోపల మెట్లు. ఇది తిక్కా తెలివా అని నేనడిగితే పెన్సిలక్క, "నువ్వు చదివిన పుస్తకాల్లో ఏముందో నాకక్కర్లేదు గాని, ఏ టాబ్లెట్ కొనాలో అది చెప్పు" అంది.

*

కొనడానికి ముగ్గురం వెళ్ళాం. ఆమె, ఆమె భర్త, నేను. భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. మాట తక్కువ మనిషి. ఏ వస్తువు కనిపించినా ముందు తిరగేసి మరలు చూస్తాడు.

షాపువాడు రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకదాని మీదే తెర ఉంటుంది, గీసినచోటే బొమ్మ కనిపిస్తుంది. రెండోది వట్టి నల్ల పలక. దాని మీద ఏమీ కనిపించదు. చెయ్యి ఇక్కడ గీస్తుంటే బొమ్మ ఎదురుగా ఉన్న కంప్యూటర్ తెర మీద వస్తుంది.

"మీలా కాగితం మీద అలవాటున్నవాళ్ళకి తెర ఉన్నదే హాయి మేడమ్" అన్నాడు షాపువాడు. ఆమె పెన్ను తీసుకుని తెర మీద ఒక గీత లాగి వెంటనే ఆపేసింది.

"జారిపోతోందేంటిది? అద్దం మీద గోరుతో గీసినట్టుంది."

"అలవాటైపోతుంది మేడమ్."

"ఏది అలవాటు కాదు బాబూ. ఏదైనా అవుతుంది." ఆమె పెన్ను మొన దగ్గర చూసింది. "గీత పెన్ను కింద లేదు చూడు. పక్కన, కొంచెం లోపల వస్తోంది. నీళ్ళలో ఉన్నట్టు."

నిజమే. పైన అద్దం మందం వల్ల మొన ఒకచోట, గీత ఒకచోట ఉన్నట్టు కనిపిస్తోంది. ఖరీదైన వాటిల్లో ఆ ఎడం ఉండదని షాపువాడు చెప్పాడు. వాటి ధర అడిగి భర్త పెట్టెని తిరగేసి మరలు చూడ్డం మానేశాడు.

నల్ల పలకల్లో చిన్నవీ పెద్దవీ ఉన్నాయి. నేను చిన్నది తీసుకోమన్నాను. చెయ్యి తక్కువ కదిలితే చాలు, త్వరగా పట్టుబడుతుందని నెట్లో చాలామంది రాశారు. ఆమె ఒప్పుకోలేదు. "నేను భుజంతో గీస్తానురా. చిన్నదాని మీద వేళ్ళతో గోకాలి. ముసలమ్మ ఏం చీమ కాదు." పెద్ద పలకే కొంది. అది మంచి ఎంపిక. ఆ విషయంలో ఆమె నన్ను మించి ఆలోచించింది.

ఇంట్లో భోజనాల బల్లకి కిటికీ వైపు సగం పలకకి ఇచ్చేశారు. మిగతా సగంలో ముగ్గురూ సర్దుకుని తినేవాళ్ళు. మొదటి ఆదివారం నేను వెళ్ళేసరికి అత్తగారు ఎదురొచ్చి, "రా నాయనా, నీ అక్క గుడ్లు పెడుతోంది" అంది.

పెన్సిలక్క వరసగా సున్నాలు గీస్తోంది. చెయ్యి పలక మీద గుండ్రంగా తిరుగుతోంది, తెర మీద మాత్రం కోడిగుడ్లు వస్తున్నాయి. ఆమె కళ్ళల్లో నీళ్ళు ఒక్కటే తక్కువ. "ఇన్నేళ్ళు గీశాను. సున్నా రావడం లేదురా నాకు."

చెయ్యి బాగానే ఉంది. పలక కొలతకీ తెర కొలతకీ పొంతన లేక బొమ్మ పక్కకి సాగుతోంది, అంతే. సెట్టింగుల్లో ఒక గడిలో టిక్కు పెడితే సరిపోయింది. టిక్కు పెట్టాక మొదటి సున్నా గుండ్రంగా వస్తే అత్తగారు చప్పట్లు కొట్టింది. "పిల్లని బడిలో వేశాం" అంది.

కానీ తర్వాతి కష్టానికి ఏ గడిలోనూ టిక్కు లేదు. పెన్సిలక్క ముసలమ్మ వీపు గీయబోయి, అలవాటు కొద్దీ ఎడమ చేత్తో పలకని తిప్పింది. కాగితమైతే కాగితంతో పాటు బొమ్మ తిరిగేది. ఇక్కడ పలక తిరిగింది, తెర మీద బొమ్మ కదలకుండా అలాగే ఉంది. చెయ్యి వీపు గీసింది, తెర మీద ముసలమ్మ పొట్టలోంచి ఒక గీత అడ్డంగా దూసుకుపోయింది. మళ్ళీ గీసింది. మళ్ళీ ఎడమ చెయ్యి తిప్పేసింది. చూసి చూసి భర్త లేచి వెళ్ళి, పలకని నాలుగు మూలలా టేపు పెట్టి బల్లకి అంటించేశాడు. అప్పుడు ఎడమ చెయ్యి బల్లనే తిప్పబోయింది. పప్పు గిన్నె కింద పడింది.

"దాని చెయ్యి కట్టేయరా" అంది అత్తగారు కొడుకుతో. అందరం నవ్వాం. పెన్సిలక్క కూడా నవ్వింది. ఆ చేతిని కట్టేయడమే ఆ తర్వాత కొన్ని నెలలు జరిగింది మరి. కీబోర్డు మీద మీటలు నొక్కితే తెర మీద బొమ్మని తిప్పొచ్చు. స్టీరింగు తిప్పిన చెయ్యి మీటలు నొక్కడం నేర్చుకోవాలి. ఆమె ఆఫీసులో రోజంతా కాగితం మీద గీసేది, ఇంటికొచ్చి పలక మీద గీసేది. రెండు భాషలు ఒకేసారి నేర్చుకుంటున్న పిల్లలాగా ఒకదాని మాట ఇంకోదాంట్లో దొర్లేది. ఒకరోజు ఆఫీసులో కాగితం ముందు కూర్చుని ఎడమ చేతి వేళ్ళతో బల్ల మీద టకటకా కొడుతోంది. కాగితం తిరగడం లేదేమా అని చూస్తోంది. నన్ను చూసి సిగ్గుపడింది.

పలక మరీ నునుపుగా ఉందని దాని మీద గీతల్లేని తెల్ల కాగితం పరిచి అంటించింది. అప్పుడు గరగరమని పెన్సిల్ చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు వినగానే ఆమె భుజాలు కిందికి దిగాయి. కాగితం వల్ల పెన్ను మొనలు తొందరగా అరిగిపోయేవి, ఆ సంగతి వేరే. చెమట చెయ్యి పలకకి అతుక్కుంటోందంటే అత్తగారు పాత మేజోడు ఒకటి కత్తిరించి, చిటికెన వేలికీ దాని పక్క వేలికీ తొడుగు కుట్టి ఇచ్చింది. కుడుతూ, "నా మొహం గియ్యడానికి నేనే కూలి చేస్తున్నాను" అంది.

అన్నిటికంటే ఎక్కువ చెరిచింది రద్దు మీట. కంప్యూటర్లో గీత నచ్చకపోతే ఒక్క నొక్కుతో వెనక్కి పోతుంది. రబ్బరు ముట్టని మనిషి దానికి అలవాటు పడిపోయింది. ఒక్క కనుబొమ్మని గీసి, తీసి, గీసి, తీసి, చివరికి మొదటిదే బాగుందని, అది ఇక దొరకదని కూర్చునేది. "ఇంతకుముందు గీత తప్పితే దాంతో కాపురం చేసేదాన్ని. ఇప్పుడు ప్రతిదానికీ విడాకులే" అంది. ఆ మాట విని భర్త స్క్రూడ్రైవరు తెచ్చి, కీబోర్డు నుంచి ఆ రద్దుకి పనికొచ్చే మీటని పెకలించి జేబులో వేసుకున్నాడు. అక్కడ పన్ను ఊడినట్టు ఒక కంత మిగిలింది. ఆమెకి కోపం వచ్చింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజునుంచి గీత మళ్ళీ గీతలా రావడం మొదలైంది.

ఇంకా ఒకటి మిగిలింది. గీత సరిగ్గానే వస్తోంది కానీ అందులో ఆమె లేదు. సాఫ్ట్‌వేర్లో చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. మా కంపెనీలో దాన్ని పూర్తిగా పెంచి ఉంచాలని ఆర్డరు. గీతలు నున్నగా ఉంటే రంగు నింపడం తేలికట. పెన్సిలక్క ఇంట్లో దాన్ని పూర్తిగా ఆపేసింది. అయినా చాల్లేదు. ఆమె పెన్సిలు గీతకి ఒక గరుకు ఉండేది, చివర్న ఒక చిన్న కుంటు ఉండేది. అవి రావాలంటే సొంత బ్రష్షు తయారు చేసుకోవాలి. కంప్యూటర్లో బ్రష్షు అంటే వెంట్రుకల కుంచె కాదు. గీత ఎంత గరుగ్గా ఉండాలి, ఎంత నొక్కితే ఎంత లావవ్వాలి, చివర ఎలా సన్నబడాలి అని మనం చెప్పి పెట్టే గుణాల మూట. నేను బీరువాలోంచి ఆమె పాత కాగితాలు తీసి బాగా పెద్దవి చేసి స్కాన్ చేసిచ్చాను. ఆమె తన గీతని తనే భూతద్దంలో చూసుకుంది. "ఇదా నేను? చివర్న ఇలా తడబడతానా?" అని ఆశ్చర్యపోయింది. అంతకుముందు ఆ తడబాటు ఆమె చేతికి తెలుసు, ఆమెకి తెలీదు. ఇప్పుడు దాన్ని తెలుసుకుని, అంకెల్లోకి మార్చి, అమర్చి పెట్టింది. చాలా ఓపిక పట్టిన పని. నా మొత్తం జీవితంలో ఒక మనిషి తన గురించి అంత నిజంగా తెలుసుకోవడం నేను చూళ్ళేదు.

ఒక సాయంత్రం ఆమె ఫోన్ చేసి, "రా, చూద్దువుగాని" అంది. తెర మీద ముసలమ్మ నిలబడి ఉంది. భుజం వాలి, పెదాలు లోపలికి లాక్కుని, ఎవరినో తిట్టబోతోంది. అత్తగారు దగ్గరికొచ్చి, కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూసింది.

"ఇది నేనే" అంది. తర్వాత, "ఇంత కోపంగా ఉంటానుటే?" అంది.

"ఇంకా ఎక్కువే ఉంటారు. తగ్గించాను" అంది పెన్సిలక్క.

ఆ ఇంట్లో ఆ రోజున ఉన్న సంతోషం గురించి ఇంకా రాయొచ్చు. రాయబుద్ధి కావడం లేదు.

*

పరీక్షలో ముసలమ్మ పూర్తి చార్టు అడిగారు. ఎప్పటికంటే ఎక్కువ అడిగారు. బస్సెక్కడం, మెట్లు దిగడం, గాలికి గొడుగు తిరగబడటం, నిద్రలో గురక పెట్టడం, ఏడుపు ఆపుకోవడం. పరీక్షకి ఇన్నెందుకని నేనడిగితే పెన్సిలక్క కసిరింది. "నీకు అన్నిట్లోనూ మోసమే కనబడుతుంది. నా చేత గీయించుకోవాలనే కదా అడుగుతున్నారు?"

అన్నీ గీసింది. అడగనిది కూడా గీసింది. చెప్పు జారడం. ఇన్నాళ్ళూ ఏ చార్టులోనూ వెయ్యని దాన్ని, అడుగు తర్వాత అడుగుగా, మడమ ఎప్పుడు లేస్తుందో, బొటనవేలు ఎక్కడ ఆపుకుంటుందో, ఆ ఆపుకోవడం వల్లే భుజం ఎలా వాలుతుందో, ఒక పేజీ నిండా విప్పి చూపించింది. ముసలమ్మ తనదేనని ఎవరికీ అనుమానం రాకూడదని అలా చేసింది. ఎవరో దొంగతనం అంటగడితే ఇంటి తాళాలు బల్ల మీద పెట్టి, కావాలంటే చూసుకోండి అనే మనిషిలాగా.

మేనేజరు పొంగిపోయాడు. నిజంగానే. నేను ఆయన ముఖం చూశాను, అందులో నటన లేదు. "అద్భుతం. ఆ బ్రష్షు, సెట్టింగులు కూడా అందరి ఫోల్డర్లో పెట్టెయ్. అందరి గీతా ఒకేలా ఉండాలి కదా రెండో భాగంలో" అన్నాడు. ఆమె పెట్టింది. దాచేటప్పుడు బ్రష్షుకి ఏదో ఒక పేరు పెట్టమని కంప్యూటర్ అడుగుతుంది. ఆమె 'పెన్సిలక్క' అని కొట్టింది.

రెండో భాగం పని వేరే కంపెనీకి వెళ్ళింది. ఎక్కడో తక్కువ జీతాలకి ఎక్కువమంది గీసే చోటుకి. చార్టులు వెళ్ళాయి, బ్రష్షు వెళ్ళింది, చెప్పు జారే పేజీ వెళ్ళింది. ఆమె వెళ్ళి అడిగితే మేనేజరు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఎవరైనా కూర్చోమన్నారంటే కబురు మంచిది కాదని మా ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ తెలుసు.

"నీ పని అంత పక్కాగా ఉందమ్మా. అది చూసి ఎవరైనా గీసెయ్యగలరు. అది నీ గొప్పే."

"మరి నా పేరు?"

"పేరు ఫైలు చేసినవాళ్ళది. నీకు తెలిసిందే కదా. చార్టంటే ఆధారం కిందికే వస్తుంది, కాగితమైనా కంప్యూటరైనా."

ఆమె నేరుగా నా గదికి వచ్చి స్కానర్ పక్కన నిలబడింది. సంగతి విని నేను నోటికొచ్చినవన్నీ అన్నాను. కోర్టు అన్నాను, పేపర్లో రాద్దామన్నాను, ఆ బ్రష్షుని చెరిపేద్దామన్నాను. ఆమె విని, "ఏం చెరుపుతావురా, అది నా చెయ్యి" అంది. మళ్ళీ తనే, "నాకిదివరకే మేలుగా ఉండేది. ఏం గీస్తున్నానో నాకే తెలిసేది కాదు. ఎవడు పట్టుకుపోతాడు?" అంది.

ఆమెకి కొత్త పని ఇచ్చారు. ఆ కంపెనీ నుంచి వచ్చే ముసలమ్మ బొమ్మల్ని తెర మీద చూసి, చెప్పు సరిగ్గా జారుతోందో లేదో టిక్కు పెట్టడం. సరిగ్గానే జారేది. ఆమె రోజంతా టిక్కులు పెట్టేది. పైన కొత్తమ్మాయి ఒకసారి నాతో, "పెన్సిలక్క పెట్టుకో, గీత బలే వస్తుంది" అని ఒకడు పక్కవాడికి చెప్పడం విన్నానని, బ్రష్షు గురించని తెలీక పెన్సిలక్కే వచ్చిందేమోనని వెనక్కి చూశానని అంది. అదేదో తమాషా సంగతిలా చెప్పింది. చెడ్డపిల్ల కాదు. అక్కడ ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. అందుకే ఎవరినీ పట్టుకుని కడిగెయ్యడానికి కుదరదు.

టిక్కులు పెట్టే పని కూడా తర్వాత తీసేశారు. తప్పులు దొరకనిచోట వెతికేవాళ్ళెందుకని. పెన్సిలక్క మానేసిన రోజున ఎవరూ హాల్లో కుర్చీలు వెయ్యలేదు. టీ కప్పు కడిగి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. తర్వాత కొన్నాళ్ళకి నేను కూడా మానేశాను. అది పౌరుషమేమీ కాదు, స్కాన్ చెయ్యడానికి కాగితాలు రావడం ఆగిపోయింది.

*

చివరిసారి కలిసింది ఒక ఫొటో స్టూడియోలో. వేరే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలని ఫొటో కోసం వెళ్తే, లోపల కర్టెన్ వెనక పెన్సిలక్క కూర్చుని ఉంది. ముందు కంప్యూటర్, చేతి కింద షాపువాళ్ళ చిన్న టాబ్లెట్. వేళ్ళతో గోకే రకం. ఎవరి మొహం మీదో మచ్చ తీసేస్తోంది. జుట్టు కత్తిరించేసుకుంది, ముడి లేదు, పెన్సిలూ లేదు.

"ఏరా, గడ్డం పెంచావు? ఎవరన్నా వదిలేసిందా?"

"నన్ను పట్టుకుంటేగా వదిలెయ్యడానికి."

నవ్వింది. మొహాల మీద మచ్చలు తియ్యడం, బట్టతల మీద జుట్టు దువ్వినట్టు చెయ్యడం, వాలిన భుజాలు సమానం చెయ్యడం తన పని అని చెప్పింది. "భుజం వాలిందంటే ఎవరికీ నచ్చదురా. సమానంగా ఉండాలి అందరికీ." ఆ మాట అంటూనే తెర మీద ఎవరిదో భుజం కొంచెం పైకి లాగింది.

ఇంట్లో గీస్తున్నావా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"గీశాను మొన్నీమధ్య. కాగితం మీదే. చూస్తే ఎలా ఉందో తెలుసా? వాళ్ళ ముసలమ్మని చూసి దించినట్టుంది. పోనీ కొంచెం మార్చి గీద్దామంటే అది ముసలమ్మ కాదు. ఏం చెయ్యను?" పెన్ను పక్కన పెట్టింది. మేజోడు తొడుగు ఇంకా వాడుతోంది, వేళ్ళ దగ్గర చిరిగిపోయింది. "పలక అమ్మేద్దామన్నారు ఈయన. ఉండనీ అన్నాను. అది కనబడకపోతే అత్తయ్య అడుగుతుంది."

రెండో భాగం టీవీలో వస్తోందని నాకు తెలుసు. నేను చూడను. చూస్తుందా అని అత్తగారి గురించి అడిగాను.

"రోజూ చూస్తుంది. ముందర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. చెప్పు జారినప్పుడల్లా ఎంత సంబరమో. పక్కింటివాళ్ళని పిలిచి, ఇది నేను, దీన్ని గీసేది మా కోడలు అని చెబుతుంది. చివర వచ్చే పేర్లు, ఆ చిన్న అక్షరాలు ఆవిడ కళ్ళకి ఆనవు ఇప్పుడు." ఆమె నా వైపు చూడలేదు, కర్టెన్ సరిచేసింది. "పొద్దున సంచి తగిలించుకుని బయల్దేరతాను కదా, కంపెనీకే వెళ్తున్నాననుకుంటోంది. సాయంత్రం రాగానే, ఇవాళ నాచేత ఏం చేయించావే అని అడుగుతుంది. ఏదో ఒకటి చెబుతాను. బస్సెక్కించాననో, కుక్కతో పోట్లాడించాననో."

బయట ఎవరో ఫొటో కోసం పిలిచారు. ఆమె లేస్తూ నా చొక్కా కాలరు ఒక పక్క లాగి సర్దింది.

"ఎప్పుడైనా ఇంటికి రారా. నిన్ను అడుగుతూనే ఉంటుంది. వస్తే మాత్రం, మీ కోడలే గీస్తోందండీ, నేనే స్కాన్ చేస్తున్నాను అని చెప్పు."